కొండకర్ల ఆవ పచ్చగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనా? ఉపగ్రహ చిత్రాలతో పిల్లలకు ఇలా నేర్పించొచ్చు

మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఉపగ్రహ చిత్రం ఎంచుకోండి. అనకాపల్లి పట్టణం నుంచి దక్షిణానికి, అచ్యుతాపురం వైపు జరిపితే కొండకర్ల ఆవ కనిపిస్తుంది. కొల్లేరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రెండో పెద్ద మంచినీటి సరస్సుగా దీన్ని చెబుతారు. కానీ చిత్రంలో నీళ్లలా కనిపించేది కొంతే. చాలా చోట్ల ఆకుపచ్చ మచ్చలే. పక్కన పిల్లలుంటే "ఇది చెరువా, పొలమా?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టొచ్చు. ఇందుకు కావాల్సిన చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని ఎలా చదవాలి, ఎక్కడ మోసపోతామో తెలిస్తే చాలు.

ఉపగ్రహం ఏం చూస్తుంది?

మన కంటికి కనిపించే రంగులతో పాటు, కనిపించని పరారుణ కాంతిని కూడా ఉపగ్రహంలోని సెన్సర్లు నమోదు చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకు కిరణజన్య సంయోగక్రియ కోసం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. సమీప పరారుణ కాంతిని మాత్రం ఎక్కువగా వెనక్కి పంపుతుంది. నీరు దాన్ని దాదాపు మొత్తం పీల్చేస్తుంది.

ఈ తేడాను అంకెగా మార్చేదే ఎన్‌డీవీఐ. సమీప పరారుణ విలువలోంచి ఎరుపు విలువ తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఫలితం మైనస్ 1 నుంచి ప్లస్ 1 మధ్య ఉంటుంది. ఉదాహరణకు ఓ తోటలో పరారుణం 0.45, ఎరుపు 0.05 అనుకుందాం. 0.40ని 0.50తో భాగిస్తే 0.8 వస్తుంది, అంటే దట్టమైన పచ్చదనం. బీడు నేలకు సున్నా కంటే కాస్త ఎక్కువ వస్తుంది. తేట నీటికి సాధారణంగా సున్నా కంటే తక్కువ వస్తుంది. హైస్కూలు పిల్లలు నోట్‌బుక్‌లోనే చేయగలిగే లెక్క ఇది.

ఎక్కడ దొరుకుతాయి?

* భువన్: ఇస్రో 2009లో ప్రారంభించిన మ్యాప్ పోర్టల్. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దీన్ని నడుపుతోంది. ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి రూపొందించిన 'స్కూల్ భువన్' విభాగంలో భూగోళ పాఠాలకు తగిన మ్యాప్‌లు ఉంటాయి.
* సెంటినల్-2: యూరప్ ఉపగ్రహాలు. కోపర్నికస్ బ్రౌజర్‌లో తేదీ ఎంచుకుని చిత్రం చూడొచ్చు, ఎన్‌డీవీఐ పొర మీద నొక్కొచ్చు, గీత గీసి విస్తీర్ణం కొలవొచ్చు. రెండు ఉపగ్రహాలు కలిసి సుమారు 5 రోజులకోసారి ఒకే చోటును చిత్రిస్తాయి.
* ల్యాండ్‌శాట్: అమెరికా ఉపగ్రహాలు. 1972 నుంచి చిత్రాలున్నాయి. 2008 నుంచి అందరికీ ఉచితం. పాత రోజులతో పోల్చడానికి ఇవే దిక్కు.

ఫోన్‌లోనూ తెరుచుకుంటాయి గానీ, కొలతలు తీయడానికి బడిలోని కంప్యూటర్ అయితే సులువు.

చిత్రంలో ఒక్కో చుక్క అంటే ఎంత స్థలమో మన లెక్కలో చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. సెంటినల్-2లో ఒక చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ల్యాండ్‌శాట్‌లో 30 మీటర్లు, అంటే సుమారు 22 సెంట్లు. చిన్న ఇంటి స్థలం కూడా అందులో విడిగా కనిపించదు.

తరగతిలో ఎలా చేయించాలి?

1. మీకు దగ్గర్లోని ఒక్క చోటు ఎంచుకోండి. కొండకర్ల ఆవ, శారదా నది గట్టు, మీ ఊరి చెరువు, ఏదైనా సరే.
2. మబ్బులు తక్కువగా ఉండే నెల తీసుకోండి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తగ్గాక, జనవరి, ఫిబ్రవరి అనువుగా ఉంటాయి.
3. ప్రతి ఏడాదీ అదే నెల చిత్రాన్ని పోల్చండి. ఆగస్టు చెరువును మే చెరువుతో పోల్చి "ఎండిపోయింది" అంటే అది రుతువు మార్పే తప్ప, చెరువు ఆరోగ్యం కాదు.
4. నీరు, పచ్చదనం, ఖాళీ నేల ఎంతెంత ఉన్నాయో కొలిచి పట్టికలో రాయించండి.
5. ఆ తర్వాత పిల్లలను తీసుకుని అక్కడికే వెళ్లండి. ఈ అయిదో మెట్టును మాత్రం వదలొద్దు.

పచ్చదనం చేసే మోసం

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 'ఆవ' అంటేనే నీరు నిలిచే చిత్తడి నేల. కొండకర్ల ఆవలో తామరాకులు, నీటి మొక్కలు విస్తారంగా పెరుగుతాయి. నీటి మీద ఆకు పరుచుకుంటే ఉపగ్రహానికి ఆకే కనిపిస్తుంది, కింది నీరు కనిపించదు. చిత్రం మాత్రమే చూస్తే సరస్సు కుంచించుకుపోయిందని అనుకోవచ్చు, లేదంటే పచ్చదనం పెరిగిందని సంబరపడొచ్చు. రెండూ తప్పు కావచ్చు. గుర్రపుడెక్క అల్లుకుపోయిన చెరువుకూ ఎన్‌డీవీఐ బాగానే వస్తుంది. కింద నీటికి వెలుతురు, ప్రాణవాయువు తగ్గి చేపలు ఇబ్బంది పడుతున్నా ఆ అంకె చెప్పదు.

పొలాల్లోనూ ఇంతే. అనకాపల్లి బెల్లానికి పేరున్న ప్రాంతం. చెరకు నరికాక ఎన్‌డీవీఐ ఒక్కసారిగా పడిపోతుంది. అది కోత, విధ్వంసం కాదు. సరుగుడు, నీలగిరి తోటలు పై నుంచి అడవిలా కనిపించినా, సహజమైన అడవిలో ఉండేన్ని జీవజాతులు వాటిలో ఉండవు.

కనిపించనివి ఇంకేమున్నాయి?

ఆవకు దగ్గర్లోనే అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతం ఉంది. నీటిలో కరిగిన రసాయనాలను ఈ చిత్రాలు పట్టుకోలేవు. దానికి నీటి నమూనా పరీక్ష చేయాల్సిందే. శీతాకాలంలో వచ్చే వలస పక్షులను లెక్కపెట్టాలన్నా గట్టు మీద నిలబడాలి. తాటి దోనెల మీద చేపలు పట్టేవారిని, గట్టు పక్క రైతులను అడిగితే ఏ ఏడాది నీరు ఎక్కడి దాకా వచ్చిందో చెబుతారు. వారు చెప్పిన ఏడాది చిత్రం తీసి పిల్లలతో సరిచూపించండి.

మబ్బుల సమస్యకు రాడార్ ఉపగ్రహాలు కొంత పరిష్కారం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ మబ్బుల్లోంచి, చీకట్లో కూడా నేలను చూడగలదు.

పిల్లలకు మరో ఉదాహరణ చూపాలంటే, 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు ముందు, తర్వాత విశాఖ కొండల ల్యాండ్‌శాట్ చిత్రాలు పక్కపక్కన పెట్టండి. తర్వాతి ఏళ్ల చిత్రాలతో పచ్చదనం ఎంత తిరిగి వచ్చిందో కొలిపించండి.

ఏం మిగులుతుంది?

ఆసక్తి ఉన్న తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో 'యువిక' శిక్షణ మొదలుపెట్టింది. ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేయించండి. అది రాకపోయినా నష్టం లేదు. ఏటా జనవరిలో ఒక చిత్రం, ఒక పట్టిక, గట్టు మీద తీసిన నాలుగు ఫొటోలు బడిలో దాచిపెడితే పదేళ్లకు మీ ఊరి చెరువుకు ఒక ఆరోగ్య రికార్డు తయారవుతుంది. చెరువు తగ్గిందా లేదా అన్న వాదన పంచాయతీలో వచ్చిన రోజు, పిల్లల పట్టిక కూడా బల్ల మీద ఉంటుంది.