గడువు దాటిన గర్భం: సహజ ప్రసవం, ప్రేరిత ప్రసవం

చివరి బహిష్టు మొదటి రోజు నుంచి 42 వారాలు, అంటే 294 రోజులు, నిండినా కాన్పు కాని గర్భాన్ని గడువు దాటిన గర్భం అంటారు. అప్పుడు నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగాలా, లేక మందుతోనో ఉమ్మనీటి సంచిని చిట్లించో వాటిని తెప్పించాలా (ప్రేరిత ప్రసవం) అన్నది ప్రసూతి వైద్యంలో దీర్ఘకాలం తెగని వివాదం.

గడువు మీరి పుట్టిన శిశువు లక్షణాలను 1902లో ఎడిన్‌బరో వైద్యుడు బాలంటైన్ వర్ణించారు. పొరలుగా ఊడే చర్మం, కొవ్వు తరిగిన ఒళ్లు, బిడ్డ తొలి మలంతో పచ్చబడిన ఉమ్మనీరు వంటి గుర్తులకు, బిడ్డకు ఆహారాన్నీ ప్రాణవాయువునూ అందించే మాయ పనితనం సన్నగిల్లడమే కారణమని 1954లో అమెరికా శిశువైద్యుడు క్లిఫర్డ్ ప్రతిపాదించారు. ఈలోగా నొప్పులు తెప్పించే సాధనాలూ సమకూరాయి. పిట్యూటరీ గ్రంథి సారం గర్భాశయాన్ని సంకోచింపజేస్తుందని 1906లో హెన్రీ డేల్ చూపగా, అందులోని ఆక్సిటోసిన్‌ను 1953లో డు విన్యో కృత్రిమంగా తయారుచేసి 1955లో నోబెల్ బహుమతి పొందారు. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత మెత్తబడింది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది వంటి అంశాలకు మార్కులు వేసి, నొప్పులు తెప్పిస్తే ఫలిస్తుందో లేదో అంచనా వేసే పద్ధతిని 1964లో బిషప్ రూపొందించారు.

1970లలో బ్రిటన్‌లో నొప్పులు తెప్పించే పద్ధతి విపరీతంగా పెరిగినప్పుడు, ఆసుపత్రుల సౌలభ్యం కోసమే ఇలా చేస్తున్నారని మహిళలు నిరసించారు. ఆ నిరసనలో న్యాయం ఉంది. నొప్పులు తెప్పిస్తే సిజేరియన్లు పెరుగుతాయన్న నమ్మకం మాత్రం సరికాని పోలికపై నిలిచింది. అప్పటి చాలా పరిశీలనలు ప్రేరిత ప్రసవాలను అదే వారంలో సహజంగా నొప్పులు వచ్చినవారి ప్రసవాలతో పోల్చాయి. కానీ సహజంగా నొప్పులు రావడం ఎవరి చేతిలోనూ లేదు. తల్లి ఎంచుకోగలిగింది వేచి ఉండడమే, అలా వేచి ఉన్నవారిలో కొందరికి నొప్పులు వస్తాయి, కొందరికి చివరకు మందు తప్పదు, కొందరి కడుపులో బిడ్డ స్థితి దిగజారుతుంది.

నొప్పులు తెప్పించడాన్ని వేచి ఉండడంతో పోల్చే ఈ సరైన పద్ధతిలో 3,407 మంది గర్భిణులపై జరిగిన కెనడా అధ్యయనం 1992లో వెలువడింది. నొప్పులు తెప్పించిన వర్గంలో సిజేరియన్లు 21.2 శాతం, వేచి ఉన్న వర్గంలో 24.5 శాతం. 41 వారాలకే నొప్పులు తెప్పించడాన్ని 42 వారాల దాకా వేచి ఉండడంతో పోల్చిన స్వీడన్ అధ్యయనంలో వేచి ఉన్న వర్గంలో ఆరుగురు శిశువులు మరణించగా, నొప్పులు తెప్పించిన వర్గంలో ఒక్క మరణమూ లేకపోవడంతో దాన్ని మధ్యలోనే ఆపివేశారు. వేచి ఉన్నవారిలో అత్యధికులు క్షేమంగానే ప్రసవించారన్నదీ నిజమే.

41 వారాలు నిండాయని నిశ్చయంగా తెలిసినవారికి నొప్పులు తెప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫారసు చేసింది. తొలి నెలల స్కానింగ్ లేక, బహిష్టు తేదీ గుర్తులేక, గర్భం వయసు నమ్మకంగా తేలని చోట ఆ సిఫారసు వర్తించదు.