స్లీప్ ఆప్నియా: ముక్కుకు చికిత్స చేస్తే ఎంత మేలు?

ముక్కుదిబ్బడ, గురక తరచూ జంటగా కనిపిస్తాయి. అందువల్ల ముక్కును సరిచేయించుకుంటే నిద్రలో ఊపిరి ఆగే సమస్య కూడా తీరుతుందని చాలామంది ఆశిస్తారు. అయితే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాలో దారి మూసుకుపోయేది ముక్కులో కాదు, గొంతులో.

నిద్రలో కండరాలు సడలినప్పుడు నాలుక మొదలు, మెత్తని అంగిలి వెనక్కి జారి శ్వాసమార్గాన్ని మూసివేస్తాయి. గాలి కనీసం 10 సెకన్లు ఆగితే ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. శ్వాస పూర్తిగా ఆగడం, బాగా తగ్గడం కలిపి పెద్దలలో గంటకు 5 దాటితే వ్యాధి ఉన్నట్లు, 30 దాటితే తీవ్రమైనట్లు పరిగణిస్తారు.

ఇందులో ముక్కు పాత్ర పరోక్షం. పల్చటి స్ట్రా కొసను నొక్కిపట్టి గట్టిగా పీల్చితే దాని గోడలు లోపలికి అతుక్కుంటాయి. ముక్కు ఇరుకైనప్పుడు గొంతుకు జరిగేదీ అదే. పైగా నోటితో శ్వాసించేవారికి దవడ కిందికి జారి, నాలుక మరింత వెనక్కి పోతుంది.

అలర్జీ వల్ల ముక్కు మూసుకుపోతే వైద్యులు స్టిరాయిడ్ స్ప్రే సూచిస్తారు. ముక్కు దూలం బాగా వంకరగా ఉంటే శస్త్రచికిత్స చేస్తారు. దిబ్బడను క్షణాల్లో తగ్గించే చుక్కల మందులను మాత్రం కొద్దిరోజులకు మించి వాడకూడదు. అలా వాడితే దిబ్బడ తిరగబెట్టి మొండిగా మారుతుంది.

శస్త్రచికిత్స తరువాత గురక, పగటి మగత తగ్గినట్లు పలువురు రోగులు చెబుతారు. కానీ గంటకు శ్వాస ఆగే సంఖ్య సగటున పెద్దగా తగ్గదని అధ్యయనాలు చూపుతున్నాయి. ప్రమాదం ఇక్కడే ఉంది. గురక తగ్గింది కదా అని వ్యాధి నయమైనట్లు భావిస్తే, రక్తపోటు, వాహనం నడుపుతూ కునుకు తీసే ముప్పు అలాగే మిగిలిపోవచ్చు. నిద్ర పరీక్ష మళ్లీ చేయిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మరి ముక్కు చికిత్స వృథాయా? కాదు. ఈ వ్యాధికి ప్రధాన చికిత్స అయిన సీప్యాప్ యంత్రాన్ని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ బృందం పరిచయం చేసింది. గాలిని ఒత్తిడితో ముక్కు ద్వారా పంపి గొంతును తెరిచి ఉంచడమే దాని పని. ముక్కు మూసుకుపోయినవారు మాస్కును భరించలేక మధ్యరాత్రి తీసిపారేస్తారు. ముక్కు తెరుచుకుంటే తక్కువ ఒత్తిడే సరిపోవచ్చు. యంత్రాన్ని ఎక్కువ గంటలు వాడగలుగుతారు. గాలి పొడిగా తగిలి ముక్కు మండేవారికి యంత్రానికి అమర్చే హ్యుమిడిఫయర్ ఉపశమనమిస్తుంది.

పిల్లల సంగతి వేరు. వారిలో టాన్సిళ్లు, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు ఉబ్బడమే సాధారణ కారణం కనుక, వాటిని తొలగించడం తరచూ తొలి చికిత్స అవుతుంది.