కణమును కప్పిన కొవ్వు పొర

జీవకణము చుట్టును ఒక పలుచని పొర ఉన్నదని నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులకు కూడ తెలియును. లోపలి దానిని లోపల నిలిపి, వెలుపలి దానిని విచారించి గాని రానీయనిది ఈ పొరయే. దీని మందము మిల్లీమీటరులో లక్షవ వంతుకన్నను తక్కువ. మామూలు సూక్ష్మదర్శినిలో దీని కట్టడి కానరాదు. కానరాని దానిని కొలిచిన వారెవరు? ఎట్లు కొలిచిరి?

తొలి ఆనవాలు కణములలో గాక చెరువు నీటిపై దొరకినది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండను చెంత క్లాపమ్ చెరువులో ఒక చెంచాడు నూనె పోయగా, అది అర ఎకరము మేర పరచుకొని అలలను అణచివేసెను. ఈ వృత్తాంతము 1774లో అచ్చయినది. నూనె పరిమాణమును చెరువు వైశాల్యముతో భాగించియుండిన, అణువు ఎంత చిన్నదో ఆనాడే ఇంచుమించుగా తెలిసియుండెడిది. ఆయన భాగించలేదు.

ఆ కొలతకు తగిన పనిముట్టు ఒక వంటింట పుట్టినది. జర్మనీలోని బ్రన్స్‌విక్ నగరమున ఆగ్నెస్ పాకెల్స్ అను యువతి తల్లిదండ్రులకు పరిచర్య చేయుచు ఇంటిపట్టున ఉండెడిది. ఆనాడచ్చటి విశ్వవిద్యాలయములు స్త్రీలను చేర్చుకొనెడివి కావు. ఆమె ఒక రేకు తొట్టిలో నీరు నింపి, పైన అడ్డముగా ఒక రేకు పట్టీని జరుపుచు, నీటి మీది జిడ్డు పొర ఎంత మేర ఆక్రమించునో కొలిచెను. 1891లో లార్డ్ రేలీకి ఆమె వ్రాసిన లేఖను ఆయనయే ‘నేచర్’ పత్రికకు పంపి ప్రకటింపజేసెను. తరువాత అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఆ తొట్టిని మెరుగుపరచి, కొవ్వు అణువులు నీటిపై తలలు నీట ముంచి, తోకలు గాలిలోనికి చాచి, ప్రక్కప్రక్కన నిలుచునని 1917లో వివరించెను. నేడు ఆ తొట్టి ఆయన పేరనే చెలామణి యగుచున్నది. ఇది మాకు కొంత కష్టముగనే తోచును.

ఇంతలో జూరిచ్‌లో ఓవర్టన్ అను శాస్త్రజ్ఞుడు, కొవ్వులో సులభముగా కరగు పదార్థములే కణములలోనికి వేగముగా చొచ్చుకొనిపోవునని గమనించియుండెను. అయినచో పొర కొవ్వుతో కూడినదే కావలెను. కాని ఎన్ని వరుసలు?

ఈ ప్రశ్నకు బదులు చెప్పినది హాలండులోని లైడెన్ నగరమున పసిపిల్లల వైద్యుడైన గోర్టర్, ఆయన సహచరుడు గ్రెండెల్. వారు ఎర్ర రక్తకణములనే ఎంచుకొనిరి. క్షీరదముల ఎర్ర కణములో కేంద్రకము లేదు, లోపల వేరు పొరలును లేవు. కనుక దానిలోని కొవ్వంతయు పైపొరదే! మనుష్యుల నుండియు, కుక్క, గొఱ్ఱె, మేక మొదలగు జంతువుల నుండియు రక్తము తీసి, అసిటోనుతో కొవ్వును రాబట్టి, తొట్టిలో నీటిపై పరచిరి. అది కణముల మొత్తము ఉపరితలమునకు రెట్టింపు మేర వ్యాపించెను. కావున పొర రెండు వరుసలది. తోకలు లోపలికి, తలలు ఇరువైపుల నీటివైపునకు. ఇది 1925 నాటి మాట.

నలుబది ఏండ్లకు, 1966లో, మరికొందరు ఆ ప్రయోగమును తిరిగి చేసి చూచిరి. అసిటోను కొవ్వునంతటిని రాబట్టలేదని తేలెను. ఎండిన కణములను కొలుచుటచే ఉపరితలము కూడ తక్కువగా లెక్కకు వచ్చెను: సుమారు 140 చదరపు మైక్రాన్లుండవలసినది 100కు దిగినది. కొవ్వులో లోటు, వైశాల్యములో లోటు. రెండును ఒకదానినొకటి కొట్టివేయగా ‘రెండు’ అను జవాబు చెక్కుచెదరలేదు! దీనిని కేవలము అదృష్టమనుటకు మాకు మనసొప్పదు. ఎర్ర కణమును ఎన్నుకొనుటలోని తెలివి అదృష్టము కాదు గదా.

అయినను కొవ్వే సర్వస్వము కాదు. 1935లో డానియెల్లి, డేవ్‌సన్‌లు మాంసకృత్తులను పొరకు ఇరువైపుల పూతవలె ఊహించిరి. 1970లో ఫ్రై, ఎడిడిన్‌లు ఎలుక కణమును మనిషి కణముతో కలిపివేసి, రెంటి మాంసకృత్తులకును వేర్వేరు రంగులద్దగా, నలుబది నిమిషములలో అవి అంతటను కలిసిపోయెను. పొర గట్టి గోడ కాదు, ప్రవహించునదని దీనిచే తేలెను. మాంసకృత్తులు ఈ కొవ్వులో తేలుచు, కొన్ని దానిని దూసికొని నిలిచియుండునని 1972లో సింగర్, నికల్సన్‌లు ప్రతిపాదించిరి.

అట్లు దూసికొని నిలుచు వానిలో ఒకటి నీటికి దారి. సెకనుకు నూరు కోట్లకు పైగా నీటి అణువులను అది సాగనంపును. 1992లో దీని పని నిరూపించిన పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమానము లభించెను. ఆయనకది తొలుత దొరకినది ఎర్ర రక్తకణములోనే. లైడెన్ వారు కొవ్వును మాత్రము తీసికొని, మాంసకృత్తులను లెక్కలో చేర్చక విడిచిన ఆ పొరలోనే.