ఊరి తరఫున కూర్చునేదెవరు? జోగిని వ్యవస్థ నుంచి పోక్సో దాకా నివారణ ప్రయత్నాల పరిశీలన

పిల్లలపై లైంగిక హింసను ఆపడానికి సమాజం ముందుకు రావాలని చెప్పే పత్రాలకు మన దగ్గర కొదవ లేదు. వాటిలో చాలావాటి పునాది ఒక్కటే. నేరస్తుడు వేరు, ఊరు వేరు. ఊరు మంచిదే గానీ విషయం తెలియక ఊరుకుంది. తెలియజెప్తే కాపలా కాస్తుంది. కళాజాతాలు, గోడరాతలు, అవగాహన సదస్సులు అన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ఈ వ్యాసం ఆ నమ్మకాన్నే ప్రశ్నిస్తుంది.

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం కోసం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పినవాళ్ళు 53.22 శాతం. ఈ శాతం ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మగపిల్లలు ఆడపిల్లలకు ఏమాత్రం తీసిపోని సంఖ్యలో ఉన్నారు. వేధించినవాళ్ళలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, వాళ్ళు నమ్మినవాళ్ళు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో మాత్రం, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద నమోదైన తీవ్ర నేరాలను చూస్తే, నిందితుడు తెలిసినవాడే అయిన కేసులు 90 శాతం దాటి ఉంటున్నాయి. రెండు లెక్కలకూ ఉన్న తేడా వింతేమీ కాదు. అధ్యయనం పెళ్ళిళ్ళలో, ప్రయాణాల్లో జరిగే వేధింపులనూ లెక్కించింది. ఠాణా దాకా వెళ్ళే నేరం చాలావరకు ఇంటిదో, వాడదో, బడిదో అయి ఉంటుంది.

అంటే కాపలా కాయాల్సిన ఊరికీ నేరం చేసినవాడికీ బంధుత్వం ఉంది, అప్పుల లావాదేవీ ఉంది, కులం ఉంది, కౌలు ఉంది. ఈ సంగతిని అతి తేటగా చూపే ఉదాహరణ తెలంగాణలోని జోగిని వ్యవస్థ. అక్కడ ఊరు తెలియక ఊరుకోలేదు. తానే ముందుండి జరిపించింది.

ఊరు జరిపించిన పెళ్ళి

నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జోగిని, కరీంనగర్ వైపు శివసాని, రాయలసీమలో బసివి, చిత్తూరు జిల్లాలో మాతమ్మ. పేర్లు మారినా అమ్మాయి ఎక్కడినుంచి వస్తుందో మాత్రం పెద్దగా మారదు. ఎక్కువగా మాల, మాదిగ ఇళ్ళనుంచే. ఇంట్లో జబ్బు తగ్గకపోయినా, మగపిల్లలు లేకపోయినా, పిల్ల తలలో జడలు కట్టినా ఎల్లమ్మ అడుగుతోందని చెప్పేవారు. ఊహ తెలియని వయసులో గుడి దగ్గర తాళి కట్టించేవారు. పెద్దమనిషి అయ్యాక ఆమె మీద హక్కు దేవతది కాదు, పటేలుదో దొరదో అయ్యేది. తర్వాత ఎవరిదైనా కావచ్చు. జాతరలో ఆడాలి, శవం ముందు ఆడాలి. పిల్లలు పుడితే వాళ్ళకు తండ్రి పేరు ఉండదు.

దీన్ని ఆచారంగా, కళారూపంగా, స్త్రీ దైవత్వానికి గుర్తుగా చదివే ధోరణి పరిశోధకుల్లో ఇప్పటికీ ఉంది. తంజావూరు ఆస్థాన నర్తకుల చరిత్రకు అది కొంత పనికిరావచ్చునేమో గానీ, నిజామాబాద్ జిల్లా వర్ణి మండలంలోని ఒక మాదిగ పిల్ల జీవితానికి పనికిరాదు. ఇక్కడ జరిగింది పిల్లలపై లైంగిక హింస. దానికి ముహూర్తం ఉంది, సాక్షులున్నారు, విందు ఉంది. అంతే తేడా. మొక్కు చెల్లించకపోతే ఊరికి అరిష్టమన్న భయం తల్లిదండ్రుల మెడ మీద ఉండేది. తల్లిదండ్రులు పని చేసేది ఎవరి పొలంలోనో, పిల్ల చివరికి చేరేది కూడా తరచుగా ఆ ఆసాముల గుప్పిట్లోకే.

చట్టం చాలాకాలం ఇటువైపు చూడలేదు. ముత్తులక్ష్మి రెడ్డి పోరాటం ఫలితంగా మద్రాసు ప్రెసిడెన్సీలో 1947లో దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది. అది ఆంధ్ర ప్రాంతానికి వర్తించింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణ దాని పరిధిలో లేదు. జోగినినీ కలుపుకుని రాష్ట్రం మొత్తానికీ ఒకే చట్టం 1988లో గానీ రాలేదు. మధ్యలో గడిచిన నాలుగు దశాబ్దాల్లో రాష్ట్రం ఏర్పడింది, భూసంస్కరణల చట్టాలొచ్చాయి, పంచాయతీరాజ్ వచ్చింది. జోగిని మాత్రం ఊరి సొంత వ్యవహారంగానే మిగిలింది.

కదలిక ఎక్కడ మొదలైంది

1980ల్లో నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం, లవణం దంపతులు సంస్కార్ సంస్థ తరఫున పనికి దిగారు. ఆమె గుర్రం జాషువా కూతురు, ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. అంతకుముందు స్టూవర్టుపురంలో నేరస్తులుగా ముద్రపడిన కుటుంబాల మధ్య పనిచేసి వచ్చినవాళ్ళు. వర్ణిలో జోగినుల కోసం చెల్లి నిలయం ఏర్పడింది. జిల్లా యంత్రాంగం తోడు నిలిచింది. 1988 చట్టం వెనక ఈ కృషి ఒత్తిడి ఉంది.

ఈ ప్రయత్నాన్ని మెచ్చుకుంటూనే ఒక పరిమితి చెప్పుకోవాలి. తొలి దశలో పునరావాసమంటే చాలావరకు పెళ్ళి చేయడమే. జోగినిని పెళ్ళాడిన మగవాడు ఆదర్శవంతుడయ్యాడు, ఆమె ఉద్ధరణ పొందినది అయింది. గుడి దగ్గర కట్టిన తాళికి విరుగుడు ఇంకో తాళి అన్న ఆలోచన, స్త్రీ బతుకుకు మగవాడి పేరు తప్పనిసరి అన్న పాత మాటను కదిలించలేదు. భూమి, ఇల్లు, పింఛను, బడిలో తల్లి పేరు సరిపోవాలన్న కోరికలు తర్వాత బలపడ్డాయి. వాటిని బలంగా ముందుకు తెచ్చినవాళ్ళు ఎక్కువగా జోగినులే.

నా దృష్టిలో అసలు మలుపు అదే. 1993లో మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమైన మహిళా సమాఖ్య మొదలై దళిత స్త్రీల సంఘాలు కట్టింది. ఊరిపెద్దల కచేరీ పక్కనే ఇంకో కూర్చునే చోటు ఏర్పడింది. సంఘం స్త్రీలు, ముఖ్యంగా ఒకప్పుడు తామే జోగినిగా పట్టం కట్టించుకున్నవాళ్ళు, నిఘా పెట్టడం మొదలుపెట్టారు. బయటి కార్యకర్తకు తెలియని సంగతులు వాళ్ళకు తెలుసు. ఏ ఇంట్లో పిల్ల తల దువ్వడం మానేశారు, మాఘ పున్నమికి ముందు ఎవరు కొత్త చీర కొన్నారు, ఎవరి ఇంటికి పూజారి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ఇవి ఏ సర్వే పత్రంలోనూ దొరకవు. కబురు అందగానే తహసీల్దారుకో ఎస్సైకో చెప్పడం, ఆ రోజు గుడి దగ్గర గుంపుగా నిలబడటం వాళ్ళ పద్ధతి. కట్టిన జడలను కత్తిరించి, దువ్వక చిక్కుపడ్డ జుట్టే తప్ప అందులో అమ్మవారేమీ లేదని చూపడం ఇంకో పద్ధతి.

ఇక్కడ రెండు విషయాలు కలవాలి. లోపలి కబురు, బయటి అధికారం. అధికారి ఫోన్ ఎత్తని చోట సంఘం స్త్రీలు ఊరి పగను ఒంటరిగా మోయాల్సి వస్తుంది. సంఘం లేని చోట అధికారికి కబురే అందదు. చట్టం తల్లిదండ్రులను కూడా శిక్షిస్తుంది కాబట్టి, బయటి ఒత్తిడి ఒక్కటే ఉంటే పెళ్ళి ఆగదు, రాత్రిపూట జరుగుతుంది, లేదా కర్ణాటక సరిహద్దు దాటి జరుగుతుంది. జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య కమిషన్ రెండు తెలుగు రాష్ట్రాల ప్రాంతంలో జోగిని, మాతమ్మ తదితర స్త్రీలు 80 వేల దాకా ఉంటారని చెప్పిందంటే, 1988 చట్టం ఒంటరిగా ఎంత దూరం నడిచిందో అర్థమవుతుంది.

సమాజాన్ని కదిలించడం నిజంగా హింసను తగ్గిస్తుందా అన్న సందేహానికి బయట మంచి ఆధారం ఉంది. ఉగాండా రాజధాని కంపాలాలో సాసా అనే కార్యక్రమాన్ని నాలుగు వాడల్లో నడిపి, మరో నాలుగు వాడలతో పోల్చారు. 2007 నుంచి 2012 వరకు సాగిన ఈ పరిశీలనలో, కార్యక్రమం నడిచిన చోట స్త్రీలు భర్త లేదా సహచరుడి చేతిలో గత ఏడాది శారీరక హింసకు గురవడం 52 శాతం తక్కువగా తేలింది. అక్కడ పని చేసింది ఉపన్యాసకులు కాదు, ఆ వాడల మామూలు మనుషులు. అయితే అక్కడి అనుభవాన్ని ఉన్నదున్నట్టు మన ఊళ్ళకు తేలేం. అక్కడ పొరుగువాళ్ళు పొరుగువాళ్ళతో మాట్లాడారు. మన దగ్గర మాదిగ వాడ మనిషి పటేలు గడపలో నిలబడి మాట్లాడాలి.

రాజీ అనే పాత మందు

జోగిని కథ వెనకటిదని పక్కన పెట్టవచ్చు. కానీ ఇప్పుడు నమోదవుతున్న పోక్సో కేసుల్లో ఊరిపెద్దలు ఏం చేస్తున్నారో చూస్తే అదే నిర్మాణం కనిపిస్తుంది. పిల్లకు ఏదో జరిగిందని తెలియగానే రచ్చబండ దగ్గరో, సర్పంచి ఇంట్లోనో పంచాయితీ కూర్చుంటుంది. డబ్బు ఇప్పిస్తారు, లేదా పెళ్ళి ఖాయం చేస్తారు. ఇంటి పరువు, ఊరి పరువు అంటారు. పిల్లను ఎవరూ పిలవరు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం తెలిసిన ప్రతివాళ్ళూ చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. అత్యాచారం కేసులో రాజీ ఆలోచనే తగదని సుప్రీంకోర్టు 2015లో మదన్‌లాల్ కేసులో చెప్పింది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీది పోక్సో కేసును ఇరువర్గాలూ రాజీపడ్డాయంటూ హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న జస్టిస్ సి.టి. రవికుమార్, జస్టిస్ పి.వి. సంజయ్ కుమార్‌ల ధర్మాసనం ఆ తీర్పును రద్దు చేసింది. పిల్లపై జరిగిన నేరం రెండు కుటుంబాల మధ్య తగాదా కాదన్నది ఆ తీర్పు సారాంశం.

తీర్పు అలా ఉండగా రాజీ ఎందుకు బతికి ఉంది? ఊరి మూర్ఖత్వం అనేయడం తేలిక. పిల్ల తల్లి వైపు నుంచి చూస్తే కోర్టు ఏళ్ళ తరబడి సాగే ప్రయాణం, పోయే కూలి రోజులు, ఎదురుపడే మాటలు. పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో నమోదు కావాలని, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని 35వ సెక్షన్ చెప్తుంది. ఆ వీలు మన కోర్టుల్లో ఎంత అరుదో అందరికీ తెలిసిందే. 2019 సవరణతో శిక్షలు ఇంకా పెరిగాయి, మరణశిక్ష కూడా చేరింది. నిందితుడు బాబాయో మామయ్యో అయిన ఇంట్లో శిక్ష పెరిగినకొద్దీ నోరు విప్పడం కష్టమవుతుంది. కఠిన శిక్షను నివారణగా లెక్కగట్టేవాళ్ళు ఈ ఇంటిని లెక్కలోకి తీసుకోరు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు పూలు చల్లిన జనం కూడా సమాజమే. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథనాన్ని నమ్మలేదు. ఆ పూల వల్ల ఇంట్లోని బాబాయి విషయంలో ఏ పిల్లకూ ధైర్యం రాలేదని మాత్రం చెప్పవచ్చు.

కమిటీలో ఎవరున్నారు

సమగ్ర బాలల పరిరక్షణ పథకం 2009లో మొదలైనప్పుడు ఊరూరా బాలల పరిరక్షణ కమిటీ ఉండాలన్నారు. ఇప్పుడది మిషన్ వాత్సల్యలో కొనసాగుతోంది. కమిటీకి పెద్ద గ్రామ పంచాయతీ అధిపతి. అంటే రాజీ పంచాయితీలో కూర్చునే మనిషే ఈ కమిటీలోనూ కూర్చుంటాడు. కొన్ని ఊళ్ళలో ఆ సర్పంచే నిజాయితీగా పిల్ల వైపు నిలిచి ఉండవచ్చు. దాన్ని కాదనను. కానీ ఒక మనిషి మంచితనం మీద కట్టిన ఏర్పాటును నివారణ వ్యవస్థ అనలేం.

బాలకార్మికుల విషయంలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వేరే దారి పట్టింది. ఉపాధ్యాయులు, యువకులు, పనిమాని బడికొచ్చిన పిల్లల తల్లిదండ్రులు కలిసి బాలల హక్కుల పరిరక్షణ వేదికలయ్యారు. యజమాని మంచివాడవ్వాలని ఎదురుచూడలేదు, అతనికి ఎదురుగా ఊళ్ళోనే ఇంకో గొంతు తయారుచేశారు. మహిళా సమాఖ్య సంఘాలకూ ఈ వేదికలకూ పోలిక అక్కడే. 2016లో కేంద్రం మహిళా సమాఖ్యకు నిధులు ఆపేసింది. మరోపక్క, ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో 2019లో మహిళా పోలీసు కార్యదర్శి పదవి వచ్చింది. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం వైద్యం, వాంగ్మూలం, న్యాయసాయం ఒకే చోట అందించింది. ఈ కొత్త ఏర్పాట్లు అవసరమైనవే, వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఇవి కబురు అందాక పనిచేసే ఏర్పాట్లు. కబురు మోసుకొచ్చే మనిషి ఎవరన్న ప్రశ్న అలాగే ఉంది.

పోక్సో నిబంధనలు 2020లో ఆ మనిషికి దగ్గరగా వచ్చే ఒక పదవి ఉంది. దర్యాప్తు మొదలైనప్పటినుంచి తీర్పు దాకా పిల్ల వెంట ఉండే సహాయక వ్యక్తి. బాలల సంక్షేమ కమిటీ నియమిస్తుంది, పిల్ల తరఫువాళ్ళ సమ్మతి కావాలి. ఈ నియామకాలు సరిగా జరగడం లేదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తప్పుపట్టి, అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు ఉండాలని ఆదేశించింది. అర్హతగా డిగ్రీ, దానితోపాటు బాలల మనస్తత్వం, సామాజిక సేవ లేదా బాలల సంక్షేమంలో అనుభవం ఉండాలని సూచించింది. పని తెలియనివాళ్ళ చేతిలో పిల్లను పెట్టకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని నారాయణపేట పల్లెల్లో పిల్లలకు పట్టం కట్టడాన్ని ఎన్నోసార్లు ఆపిన జోగిని సంఘాల స్త్రీలలో ఎక్కువమంది బడి మెట్టు ఎక్కనివాళ్ళు. ఈ అర్హతల కొలతతో చూస్తే వాళ్ళ పేర్లు జిల్లా జాబితాలోకి రావు.