స్వర్ణోత్సవ యాత్రకు కాలాపానీ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. కమ్యుటేషన్ గురించీ, కరువు భృతి బకాయిల గురించీ నాకంటె బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను వేరొక విషయం ఎత్తుకుంటున్నాను. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్ళయి 50 సంవత్సరాలు నిండుతాయి. ఆ సందర్భంగా మేమిద్దరం అండమాన్ దీవులకు వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. పోయేటప్పుడు విశాఖపట్నం నుంచి ఓడలో, వచ్చేటప్పుడు విమానంలో.

పిల్లలకు ఈ ఏర్పాటు నచ్చలేదు. హాలు మాట్లాడి, బంధువులను పిలిచి, దండలు మార్పిస్తామన్నారు. "కాశీ వెళ్ళండి, అరుణాచలం వెళ్ళండి. ఈ వయసులో సముద్రం మీద మూడు రోజులేమిటి నాన్నా?" అని అమ్మాయి ఫోనులో కోప్పడింది. మా శ్రీమతి మాత్రం పట్టు విడవలేదు. విశాఖలో పుట్టి పెరిగి, రోజూ రేవులో ఓడలు చూస్తూ, ఒక్కసారీ ఓడ ఎక్కకుండా పోవడం ఆమెకు ఇష్టం లేదు.

రెవెన్యూ శాఖలో పనిచేసినన్నాళ్ళూ పాత దస్త్రాలు తిరగేయడం నాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ గ్రంథాలయం నుంచి అండమాన్ చరిత్ర పుస్తకాలు తెచ్చి, రాత్రి భోజనాలయ్యాక ఆమెకు చదివి వినిపిస్తున్నాను. యాత్ర ఇంకా మొదలు కాలేదు గానీ, ఆ చదువుతోనే మా ప్రణాళిక రెండుమూడు సార్లు మారిపోయింది. ఆ సంగతులే ఇక్కడ మనవి చేస్తున్నాను.

కారాగారంగా మారిన దీవి

అండమాన్, నికోబార్ దీవులు చిన్నా పెద్దా కలిపి వందల్లో ఉన్నా, మనుషులు నివసించేవి నలభై లోపే. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో ఛాతమ్ దీవిలో మొదటి స్థావరం నెలకొల్పాడు. మూడేళ్ళకు దానిని ఉత్తరాన మరొక రేవుకు మార్చారు. అక్కడ జ్వరాలు, మరణాలు పెరిగి 1796లో పూర్తిగా వదిలేశారు. తరువాత అరవై ఏళ్ళకు పైగా ఆ దీవులు అక్కడి ఆదివాసులవే.

1857 తిరుగుబాటుతో కథ మారింది. పట్టుబడిన వారిని దూరంగా ఉంచేందుకు కంపెనీకి ఒక చోటు కావలసి వచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. అడవి కొట్టడం, బురద పూడ్చడం, గుడిసెలు వేయడం అన్నీ ఆ ఖైదీల పనే. మొదటి మూడు నెలల్లో వచ్చిన ఖైదీలు 773 మంది. వారిలో 64 మంది ఆసుపత్రిలో మరణించారు. 140 మంది అడవిలోకి పారిపోయి మరి దొరకలేదు. పారిపోబోయి చిక్కినవారిలో 80 మందికి పైగా ఉరితీయబడ్డారు. ఇదంతా వంద రోజుల లోపు లెక్క.

సముద్రం దాటితే కులం పోతుందన్న నమ్మకం ఆనాడు బలంగా ఉండేది. ప్రాణభయానికి ఆ భయం తోడై, ద్వీపాంతర శిక్షకు 'కాలాపానీ' అన్న పేరు స్థిరపడింది.

మనవాళ్ళు

ఈ కథ మన ఇళ్ళకు దూరమైనది కాదు. 1879లో గోదావరి ఏజెన్సీలోని రంప ప్రాంతంలో పితూరీ లేచింది. మన్సబుదారు ఆగడాలకు తోడు, కల్లు గీతపై వేసిన చిగురు పన్ను గిరిజనులను రెచ్చగొట్టింది. మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దించి దానిని అణచివేసింది. పట్టుబడినవారిలో అనేకులను అండమాన్‌కు పంపింది. అప్పటికి సెల్యులర్ జైలు ఇంకా కట్టలేదు. కొండ మీద పుట్టి, సముద్రమే చూడని మనుషులను ఓడలో కుక్కి తీసుకుపోయారు.

1922-24 నాటి మన్యం పోరాటం తరువాత అల్లూరి సీతారామరాజు ముఖ్య అనుచరుడు అగ్గిరాజు కూడా అండమాన్ పాలయ్యాడు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని కూడా అక్కడికే తరలించారు.

రంప ఖైదీల సంగతి చదివిన రాత్రి మా శ్రీమతి ఒక ప్రశ్న వేసింది. "ఏమండీ, వెళ్ళినవాళ్ళ గురించి వ్రాశారు సరే. వాళ్ళ ఆడవాళ్ళు ఏమయ్యారు?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. తిరుగుబాటు చరిత్రల్లో నాయకుల పేర్లుంటాయి, తేదీలుంటాయి. ఊళ్ళో మిగిలిన భార్య ప్రస్తావన ఉండదు. భర్త బ్రతికే ఉన్నాడు, తిరిగి రాడు. బొట్టు ఉంచుకోవాలా, తీసివేయాలా అన్నది ఆమెకు ఎవరు చెబుతారు? ఆ ప్రశ్న పట్టుకుని మళ్ళీ పుస్తకాలు తిరగేశాను.

జైలు పెళ్ళిళ్ళు

అప్పుడు తెలిసిన సంగతి ఇది. ఖైదీల భార్యలను ప్రభుత్వ ఖర్చుతో దీవులకు రప్పించే ప్రయత్నం 19వ శతాబ్దంలో జరిగింది. వచ్చినవారు బహు కొద్దిమంది. కాలాపానీ భయం, అత్తవారి అభ్యంతరం, చంటిపిల్లలు, అన్నీ అడ్డమే.

అధికారులు మరొక మార్గం వెదికారు. దేశంలోని జైళ్ళ నుంచి స్త్రీ ఖైదీలను కూడా అండమాన్‌కు పంపారు. వారిని సౌత్ పాయింట్ అనే చోట ప్రత్యేక జైలులో ఉంచారు. భర్తనో, పసికందునో చంపిన నేరంపై శిక్షపడినవారు వారిలో పలువురు. కొన్నేళ్ళు సత్ప్రవర్తనతో గడిపిన పురుష ఖైదీకి జైలు బయట ఉండి, సేద్యమో చేతిపనో చేసుకుని బ్రతికే అనుమతి దొరికేది. అలాంటివాడు అధికారుల ఆమోదంతో స్త్రీ ఖైదీలలో ఒకరిని పెళ్ళి చేసుకోవచ్చు. వధువుకు కూడా అంగీకారం ఉండాలి. అంగీకరించకపోతే జైలు జీవితమే కొనసాగుతుంది. ఆ అంగీకారానికి ఎంత విలువ ఉన్నదో పాఠకులే ఆలోచించగలరు.

ప్రభుత్వం ఉద్దేశం దయ కాదు. సంసారం ఉన్న ఖైదీ పారిపోడు, కొట్లాడడు, భూమి దున్నుతాడు అన్నది లెక్క. పురుషులు వేలల్లో, స్త్రీలు వందల్లో ఉన్నచోట ఇలాంటి పెళ్ళిళ్ళు ఎందరికో అందలేదు కూడా. అయితే జరిగిన పెళ్ళిళ్ళ ఫలితం ఆ లెక్కకు అందనిది. ఒక పంజాబీ పురుషుడు, ఒక బెంగాలీ స్త్రీ. ఒక ప్రాంతం కాదు, ఒక కులం కాదు, కొన్నిచోట్ల ఒక మతమూ కాదు. ముహూర్తం లేదు, మేళం లేదు, పుట్టింటివారు లేరు. అటువంటి సంసారాల్లో పుట్టిన బిడ్డలు హిందుస్తానీ మాట్లాడుతూ పెరిగారు. వారి సంతతిని అక్కడ నేటికీ 'లోకల్ బోర్న్' అంటారు. శిక్షగా మొదలైన చోటును సొంత ఊరు చేసుకున్న మొదటి తరం వారిదే.

ఇది విన్నాక మా శ్రీమతి కాసేపు మాట్లాడలేదు. "మన పెళ్ళికి మీరు నన్నొకసారి చూసి వెళ్ళారు. నన్నూ ఎవరూ పెద్దగా అడగలేదు. అయినా మా అమ్మ ఇల్లు ఆరు మైళ్ళ దూరంలో ఉండేది" అన్నది. యాభై ఏళ్ళలో ఈ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

సెల్యులర్ జైలు, తరువాత

యాత్రికులు మొదట చూసేది సెల్యులర్ జైలే. 1896లో మొదలై 1906లో పూర్తయింది. మధ్య గోపురం, చుట్టూ చక్రం ఆకుల్లాగా ఏడు భవనాలు, మూడేసి అంతస్తులు, 690కి పైగా గదులు. ఒక భవనం ముఖం మరొక భవనం వీపు వైపుకు ఉంటుంది. ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడకూడదన్నదే దాని నమూనా. గానుగ తిప్పి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయడం అక్కడి కఠిన శిక్షల్లో ఒకటి. ఇంటికి ఉత్తరం ఏడాదికి ఒక్కటి. 1933 నిరాహార దీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు కోల్పోయారు. 1937లో మళ్ళీ దీక్ష సాగిన తరువాత రాజకీయ ఖైదీలను స్వదేశపు జైళ్ళకు తరలించారు.

1942 మార్చిలో జపాను సైన్యం దీవులను ఆక్రమించింది. 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ పతాకం ఎగురవేశారు. సరిగ్గా నెల తరువాత, 1944 జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతో 44 మంది పౌరులను జపానువారు హంఫ్రీగంజ్ వద్ద కాల్చి చంపారు. 1945లో ఆ ఆక్రమణ ముగిసింది. సెల్యులర్ జైలు ఏడు భవనాల్లో నేడు మూడే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న దానిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

స్వాతంత్ర్యం తరువాత తూర్పు బెంగాల్ శరణార్థులు అక్కడ స్థిరపడ్డారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మన మత్స్యకారులు వెళ్ళారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఒకనాడు సంకెళ్ళతో దాటిన సముద్రాన్ని, మనవాళ్ళు వలలు భుజాన వేసుకుని దాటారన్నమాట. 2004 డిసెంబరు 26 సునామీ ఆ దీవులను, ముఖ్యంగా నికోబార్‌ను, ఘోరంగా దెబ్బతీసింది. అయినా జనం మళ్ళీ నిలదొక్కుకున్నారు.

మా ప్రణాళిక

యాత్రకు వెళ్ళదలచినవారికి ఉపయోగపడుతుందని మా ఏర్పాట్లు క్లుప్తంగా చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా వానలు తక్కువ, సముద్రం ప్రశాంతం. విశాఖ నుంచి ఓడలు అరుదు గనుక ముందు ఓడ తేదీ ఖాయం చేసుకుని, దానినిబట్టి మిగిలినవి చూసుకోవాలి.  మందులు ప్రయాణపు రోజులకంటె పది రోజులు ఎక్కువే పెట్టుకుంటున్నాం. డాక్టరుగారిని అడిగి ఓడలో వాంతులకు మాత్రలు వ్రాయించుకున్నాం. గుర్తింపు కార్డు, దాని నకళ్ళు తప్పనిసరి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయింది. కాబట్టి రేవులో దిగాక రోజూ రాత్రి ఫోను చేస్తామని అమ్మాయికి మాట ఇచ్చాం.

పేర్లు మారిన సంగతి గుర్తుంచుకోవాలి. 2018 డిసెంబరులో రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమైంది. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైంది, నీల్ షహీద్ ద్వీపమైంది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు.

మొదట వేసుకున్న జాబితాలో బారాటాంగ్ సున్నపురాతి గుహలు ఉండేవి. రోడ్డు మీద పోవాలంటే జారవాల అడవి గుండా పోవాలి. పర్యాటకుల కోసం జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన దృశ్యాలు 2012లో బయటపడి దేశమంతా గగ్గోలయింది. "వాళ్ళ పెరట్లోంచి పోతూ వాళ్ళను చూసి రావడమేమిటి?" అని మా శ్రీమతి ఆ రోజును కొట్టివేసింది. బదులుగా, అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుని పగడపు దిబ్బలు చూడాలన్నది ఆమె కోరిక. ఈత రాని మనిషికి అంతకంటె సాహసం ఏముంటుంది?

పెళ్ళిరోజు నాడు ఎక్కడ ఉండాలన్నది కూడా ఆమే నిర్ణయించింది. స్వరాజ్ ద్వీపం ఇసుక తిన్నెల మీద కాదు. ఆ ఉదయం సెల్యులర్ జైలు చూసి, సాయంత్రం సౌత్ పాయింట్ వైపు సముద్రపు ఒడ్డున కాసేపు కూర్చుందామన్నది. అక్కడ పెళ్ళి చేసుకున్న ఆడవాళ్ళ పేర్లు మనకు తెలియవు గనుక పూలు, పసుపు, కుంకుమ నీళ్ళలో విడుద్దామన్నది. సామానుల జాబితాలో వాటిని మందుల పెట్టె పక్కనే వ్రాసుకున్నాను.

మన సభ్యులలో ఎవరైనా జంటగా వస్తామంటే సంతోషం. ఓడలో మూడు రోజులు కబుర్లకు కొదవ ఉండదు. మన్యం ప్రాంతం నుంచి పెద్దలు ఎవరైనా ద్వీపాంతరం వెళ్ళారని మీ ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే, దయచేసి ఆ వివరాలు సంఘం కార్యాలయానికి వ్రాసి పంపండి. వెళ్ళినవారి పేరుతోపాటు, ఇంట్లో మిగిలిన ఇల్లాలి పేరు కూడా తెలిస్తే తప్పక వ్రాయండి.