అడకత్తెర: రొంటిలోంచి అద్దాల బీరువాలోకి

సూరత్ నగరానికి దక్షిణపు కొసన ఉంటుంది పాండేసర. అద్దకం, ప్రింటింగ్ మిల్లుల పారిశ్రామికవాడ అది. షిఫ్టు మారే వేళకు గేట్ల బయట పాన్ గల్లాల దగ్గర జనం మూగుతారు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్ల మధ్య తెలుగు మాట కూడా వినిపిస్తుంది. అక్కడ అమ్మేది మావా, లేదంటే పొట్లం. సన్నగా తరిగిన వక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపితే మావా. పొట్లమైతే ఆ నలిపే పని కూడా లేదు, చింపి నోట్లో పోసుకోవడమే. వక్క కోసే పనిముట్టు కొనేవాడి దగ్గర ఉండదు. రెండు తరాల వెనక్కి వెళితే ఉండేది. కలిగినవాళ్ల దగ్గరైతే అది వెండి తొడుగుతోనో, నెమలి ఆకారంలోనో ఉండేది.

దాని పేరు అడకత్తెర. ‘అడకత్తెరలో పోకచెక్క’ అని రోజూ రాజకీయ వార్తల్లో రాసుకుంటాం కానీ, ఆ వస్తువును చేత్తో పట్టుకున్నవాళ్లు ఇప్పుడు తక్కువే. కన్నడంలో వక్కను అడికె అంటారు, మలయాళంలో అడక్క. ఆ మలయాళం మాటే పోర్చుగీసుల నోట పడి ఇంగ్లిష్‌లోకి ‘అరెకా’గా వెళ్లింది. మరాఠీలో ఈ పనిముట్టు అడకిత్తా, హిందీలో సరౌతా, గుజరాతీలో సూడి. కచ్‌లోని అంజార్ చాకులకు, సూడీలకు పేరుపడ్డ ఊరు. జామ్‌నగర్ సూడి కూడా గుజరాత్‌లో అంతే ప్రసిద్ధం.

పేరులో కత్తెర ఉన్నా పనితీరు వేరు. కత్తెరకు ఇరుసు మధ్యలో ఉంటుంది, రెండు రెక్కలకూ పదును ఉంటుంది. అడకత్తెరకు ఇరుసు ఒక చివర ఉంటుంది. పై రెక్కకే పదును. కింది రెక్క వక్కను ఆపే మొద్దు పీట. వక్క ఇరుసుకు దగ్గరగా, చెయ్యి దూరంగా ఉంటాయి కాబట్టి ఎండి రాయిలా మారిన వక్క కూడా కొద్దిపాటి ఒత్తిడికే చీలుతుంది. పదును నిలవాలంటే ఇనుమో ఉక్కో కావాలి. ఇత్తడి, వెండి అంచు నాలుగు వక్కలకే మొద్దుబారిపోతుంది. అందుకే ఎంత ఖరీదైన అడకత్తెరలోనైనా కోసే రెక్క ఇనుముదే. అలంకారమంతా పిడికి, వీపుకు, ఇరుసు చుట్టూ ఉన్న జాగాకు చేరింది. పాత అడకత్తెర నిజంగా వాడినదా, చూపుకోసం చేసినదా అన్నది తేల్చడానికి కూడా ముందు ఆ రెక్కనే చూడాలి.

ఆ కొద్దిపాటి జాగాలోనే లోహకారులు గుర్రాన్ని, చిలుకను, నెమలిని, ఆలుమగల జంటను దించారు. కొన్నింటికి చిన్న మువ్వలు వేలాడదీశారు. కత్తి పిడుల మీద చేసినట్టే ఉక్కు మీద బంగారు తీగను అతికే కోఫ్తగారీ పని చేసినవీ ఉన్నాయి.

ఇంత పని దీనికి ఎందుకు? వేళ్లంత పొడవున్న వస్తువు, రోజంతా రొంటినో సంచిలోనో ఉండేది. సంపద చాటుకోవడం ఒక కారణమే కానీ అదొక్కటే కాదు. ఈ పనిముట్టును వాడేది ఎదుటి మనిషి కళ్ల ముందు, తరచుగా ఆ మనిషి కోసమే. ఇంటికి వచ్చినవారికి వక్క కోసి, ఆకుకు సున్నం రాసి చేతికివ్వడం మర్యాద. తాంబూలాలు పుచ్చుకుంటే సంబంధం కుదిరినట్టే. రాజసభలోనూ అంతే. 1443లో తైమూరు వంశీకుడు షారుఖ్ దూతగా విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ తనకు అక్కడ ఆకులు, కర్పూరం ఇచ్చి గౌరవించిన తీరును రాసిపెట్టాడు. ఇచ్చే చెయ్యి అందరికీ కనబడుతుంది, చేతిలో ఉన్నదీ కనబడుతుంది.

జేబు లేని బట్టలు కూడా ఇందులో ఒక కారణం. పంచె కట్టుకున్నవారికి రొంటి, సంచి తప్ప దాచుకునే చోటు లేదు. వక్క, ఆకు, సున్నపుకాయ, అడకత్తెర వేర్వేరు అరల్లో పట్టేలా తాడు బిగింపుతో వక్కాకు సంచులు కుట్టుకునేవారు. జపాన్‌లో జేబులేని కిమోనో నడికట్టుకు వేలాడే చిన్న లక్క పెట్టెలు, ఇన్రోలు, ఇలాగే కళాఖండాలయ్యాయి. యూరప్‌లో ఆ స్థానం ముక్కుపొడుం డబ్బీది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ వజ్రాలు పొదిగిన డబ్బీలను మోజుపడి చేయించుకున్నాడు. ఇప్పటి సంగతికొస్తే, 1897లో పేటెంట్ పొందిన స్విస్ అధికారుల చాకును డమాస్కస్ ఉక్కు రెక్కలతో పరిమిత సంఖ్యలో చేసి అమ్ముతున్నారు. వాటితో తాడు కోసేవారు ఎందరుంటారో ఊహించుకోవచ్చు.

కరీంనగర్ తీగ, బీదర్ నలుపు

సూరత్ తెలుగువారిలో చాలామంది మూలాలు తెలంగాణ చేనేత ప్రాంతాల్లో ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు బొంబాయి, భీవండి, షోలాపూర్‌లకు వెళ్లినట్టే సూరత్ మరమగ్గాలకూ వచ్చారు. లింబాయత్, ఉధ్నా, పాండేసర ప్రాంతాల్లో స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది.

వాళ్లు వదిలివచ్చిన కరీంనగర్‌లోనే ఈ అలంకరణ కళల్లో ఒకటి పుట్టి పెరిగింది. వెంట్రుకంత సన్నని వెండి తీగను మెలిపెట్టి, చట్రంలో లతలుగా అమర్చి అతికే ఫిలిగ్రీ పనితో అక్కడ పాన్‌దాన్‌లు, అత్తరు బుడ్లు, పళ్లేలు చేస్తారు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన బీదర్‌ది మరో పద్ధతి. జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపి పోత పోస్తారు. దాని మీద గాట్లు చెక్కి వెండి తీగ కొడతారు. చివర్లో బీదర్ కోట మట్టి, నవాసారం కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఈ రెండు కళలూ పెట్టెలకు, డబ్బీలకే ఎక్కువగా పరిమితమయ్యాయి. వెండి తీగకూ, జింకు పోతకూ వక్క కోసే బలం లేదు మరి. దాంతో దొరల ఇళ్లలో వెండి పాన్‌దాన్ పక్కన ఇనుప రెక్క అడకత్తెర ఉండేది. నేత ఇంట్లో మామూలు ఇనుపదో, ఇత్తడి పిడిదో ఒక్కటే ఉండేది.

కోసే పని పొట్లంలోకి

1980ల నుంచి గుట్కా పొట్లాలు ఊరూరా చేరాక ఈ పనిముట్టు అవసరం తగ్గింది. మగ్గాల షెడ్డులో బీడీ కాల్చడం కుదరదు, నిప్పు ప్రమాదం. రెండు చేతులూ పనిలో ఉంటాయి. పన్నెండు గంటల షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి నోట్లో ఏదో ఒకటి ఉండాలి. అలాంటివారికి పొట్లం సరిగ్గా సరిపోయింది. అడకత్తెరతో వక్క చీల్చి ఆకు చుట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పొట్లానికి క్షణం చాలు. రోజుకు ఎన్ని నములుతున్నామన్న లెక్కకు ఆ నిమిషాలే ఒకప్పుడు కళ్లెం.

అంతమాత్రాన పాత అలవాటును ముద్దు చేయాల్సిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథంలో వక్కను, పొగాకు కలపని తాంబూలాన్ని కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. వెండి పాన్‌దాన్‌లోంచి తీసినా, పొట్లంలోంచి పోసినా వక్క వక్కే. 2016-17 నాటి జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 21.4 శాతం మంది పొగలేని పొగాకు వాడుతున్నారు. గుట్కాను గుజరాత్ 2012లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో నిషేధించాయి. ఆ తర్వాత పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో వచ్చాయి. రెండూ కలుపుకోవడం కొనేవాడి వంతు. అడకత్తెర పోయాక జేబు మనిషికి మిగిలిన చేతిపని ఇదొక్కటే.

అవసరం తీరిన వస్తువులు రెండు దారుల్లో పోయాయి. పిడి మీద పని ఉన్నవి సేకర్తల చేతికి వెళ్లాయి. పుణెలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియంలో అడకత్తెరల పెద్ద సేకరణ ఉంది. ఆధునిక గణితంలో కేటగిరీ సిద్ధాంతానికి పునాది వేసిన ఇద్దరిలో ఒకరైన శామ్యూల్ ఐలెన్‌బర్గ్ వీటిని ఎంత ఇష్టంగా పోగుచేశాడంటే, ఆయన సేకరణ మీద ప్రత్యేకంగా పుస్తకమే వచ్చింది. సాదావి మాత్రం ఇత్తడి ధరకు, ఇనుము ధరకు తూకంలో పోయాయి. వలస వెళ్లే కుటుంబం సామాను తగ్గించుకునేటప్పుడు మొదట తీసేసేది ఇలాంటివే. దాంతో మ్యూజియంలో చూసినవారికి అడకత్తెర అంటే నెమలి, గుర్రం అనే అనిపిస్తుంది. ఎక్కువమంది వాడిన రకమే తక్కువగా మిగిలింది.

ఇంట్లో పాతది ఉన్నవారు ఒక విషయం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన ఇలాంటి కళాత్మక వస్తువు పురావస్తువు అవుతుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు, వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. తూకానికి వేసే ముందు ఇరుసు దగ్గర చెక్కడం ఉందేమో చూడటం మంచిది. మసి, తుప్పు కింద అది తరచుగా కనబడదు.

తాంబూలం మాత్రం పెళ్లిళ్లలో అలాగే ఉంది. సూరత్‌లోనైనా, కరీంనగర్‌లోనైనా వచ్చినవారి చేతికి సంచి ఇస్తారు. అందులో ఆకులు, పండు, ఒక్కోసారి జాకెట్టు గుడ్డ, వాటితోపాటు వక్కపొడి పొట్లం.