టెంప్లేటులో ఖాళీ: పుట్టుపూర్వోత్తరాలు

వెబ్‌పుటలో "స్వాగతము" అను మాట యథాస్థానమున నిలిచియుండగా, దాని ప్రక్కన రావలసిన పాఠకుని పేరు మాత్రము రాక, దోషసూచన యొక్కటియు లేక, ఆ తావు శూన్యముగా నుండుట జాంగో టెంప్లేట్లతో పనిచేయు ప్రోగ్రామర్లకు నిత్యపరిచితమైన చిక్కు. ఈ శూన్యము వ్యవస్థయొక్క అశక్తతవలన కలిగినది కాదు. బుద్ధిపూర్వకముగా చేసిన యేర్పాటు. దాని పుట్టుక నెఱిగినవానికి దాని చికిత్సయు సుగమమగును.

జాంగో యను ఈ వెబ్ ఫ్రేమ్‌వర్కు జన్మస్థానము అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమునందలి లారెన్స్ పట్టణము. అచ్చటి 'లారెన్స్ జర్నల్-వరల్డ్' దినపత్రిక వెబ్‌విభాగమున పనిచేయుచుండిన ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అను నిరువురు ప్రోగ్రామర్లు 2003లో పీహెచ్‌పీని విడిచి, పైథాన్ నాశ్రయించి, దీనిని నిర్మింప మొదలిడిరి. 2005 జూలైలో నిది సర్వజనోపయోగార్థము విడుదలయ్యెను. టెంప్లేటు నెవరో చిన్న పొరపాటుతో వ్రాసినంతమాత్రమున పుట యంతయు కూలి, పాఠకునకు వార్తయే అందకపోవుట నిర్మాతలకు సమ్మతము కాలేదు. కావుననే, దొరకని వేరియబుల్ స్థానమున ఖాళీ నుంచి, తక్కిన పుటను యథావిధిగా సమర్పించునట్లు టెంప్లేటు వ్యవస్థను తీర్చిరి.

జంట మీసపు బ్రాకెట్ల నడుమ "యూజర్.పేరు" అని వ్రాసినపుడు, ఆ చుక్కను చూచి జాంగో తొలుత డిక్షనరీలోని కీని, పిదప ఆబ్జెక్టు ఆట్రిబ్యూటును, తుదకు జాబితాలోని స్థానసంఖ్యను వెదకును, మూడును విఫలమైనచో మౌనము వహించును. టెంప్లేటుకు విలువల నందించు 'వ్యూ' పంపిన కాంటెక్స్టులో పేరునడుమ అండర్‌స్కోరు ఉండి టెంప్లేటులో లేకున్నను ఫలిత మిదియే. 'ఫర్' లూపునకు లేని జాబితా నిచ్చినచో లూపు ఒక్కమారును తిరుగదు; 'ఇఫ్' దానిని అసత్యముగా నెంచును; అందుచే నొక్కొక్కమారు పేరుమాత్రమే కాక పుటలోని భాగమంతయు మాయమగును. ఆంగ్యులర్ వంటి జావాస్క్రిప్టు వ్యవస్థలును జంట మీసపు బ్రాకెట్లనే వాడుటచే, వాని వేరియబుళ్లను జాంగో తనవిగా భావించి ముందే ఖాళీ చేయు నుపద్రవము తోడయ్యెను. దాని నివారణకే 2013లో వెలువడిన 1.5వ వెర్షనులో 'వెర్బేటిమ్' ట్యాగును చేర్చిరి.

కనుక శోధన వ్యూనుండియే ఆరంభింపవలయును: కాంటెక్స్టు నిజముగా పంపబడినదా, కీ పేరు అక్షరాక్షరము సరిపోవుచున్నదా, మాతృటెంప్లేటును ఎక్స్‌టెండ్ చేసిన పుటలో మన రచన బ్లాకు వెలుపల పడినదా యని వరుసగా చూడవలయును. 'స్ట్రింగ్ ఇఫ్ ఇన్‌వాలిడ్' అను సెట్టింగులో '%s' గల గుర్తు నుంచినచో, ఖాళీకి బదులు దొరకని వేరియబుల్ పేరే పుటపై కనబడును. అయితే జాంగో వారి యడ్మిన్ పుటలే ఆ మౌనముపై నాధారపడియున్నవి గనుక, దానిని శోధనావేళ మాత్రమే వాడి తొలగింపవలయును.

జాంగో టెంప్లేట్ల స్ఫూర్తితో ఆర్మిన్ రోనాకర్ రచించిన జింజా యను టెంప్లేటు వ్యవస్థయందు, 2008 నాటి రెండవ రూపమునకును ఖాళీయే సహజస్థితి. కాని 'స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్'ను కోరినచో లేని వేరియబుల్ కడ నది వెంటనే దోషమును చాటును. అట్టి కట్టడి జాంగోలో సహజముగా లేదు. పాఠకునికొఱకు వ్యవస్థ మౌనము పాటించుచున్నది గనుక, తప్పును కనిపెట్టు బాధ్యత నిర్మాతపైననే నిలిచినది. ప్రతి ముఖ్యమైన పుటకును, అందు తప్పక కనబడవలసిన విలువ కనబడుచున్నదా యని పరీక్షించు టెస్టు నొకదానిని వ్రాసియుంచుట ఆ బాధ్యతను నెరవేర్చు నిశ్చితమైన మార్గము.